సీసం తర్వాత

వైసు దవడల్లో ఒక కొక్కెం.
పద్నాలుగో నంబరు, కనురెప్ప వెంట్రుకంత వంపు.
బయట వేల్స్ కొండల మీద వాన
నాలుగు రోజులుగా ఒకటే మాట నానుస్తోంది.

చెవులపిల్లి బొచ్చు చిటికెడు,
మైనం పట్టించిన దారం,
నెమలి తిరగని దేశంలో నెమలి ఈక పోగు ఒకటి
బల్ల మీద సిద్ధంగా ఉన్నాయి.
టెగ్వెన్ వాటి జోలికి పోదు.
ఉత్త ఈకల ఈగ పైపైనే కొట్టుకుపోతుంది,
ట్రౌట్ ఏమో అడుగున, రాళ్ల నీడలో.
అందుకని ముందు బరువు చుట్టాలి,
ఆ తర్వాతే బొచ్చూ, సొగసూ.

హెవిన్ ఉన్నన్నాళ్లూ ఆ బరువు సీసమే.
గోరుతో నొక్కితే లొంగే తీగ.
ఏడు చుట్లు చుట్టి పంటితో పుటుక్కున తెంపేవాడు,
నాలుక మీది బూడిద రంగును
టీతో మింగేసేవాడు.
"మా తాత దీన్ని ఊపిరితిత్తుల నిండా తెచ్చుకున్నాడు,
నాకు ఈ కాస్త ఏం చేస్తుంది?" అనేవాడు.
తాత దిగిన గని ఇప్పుడు మూసేశారు.
దాని నోట్లోంచి ఇంకా నీళ్లు కారుతుంటాయి,
రైడోల్ వైపు, ఎవరినీ అడక్కుండా.

పోయిన ఫిబ్రవరిలో దొరికింది హంస.
మెడ నిలవడం లేదు,
తడిసిన తాడులా వీపు మీద వాలిపోయింది.
హెవిన్ వానకోటులో చుట్టి
ముందు సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్లింది.
డాక్టర్ ప్రోబర్ట్ ఎక్స్‌రేను దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు.
లోపల రెండు తెల్లటి చుక్కలు.
తిండి అరగడానికి ఇసుకా గులకరాళ్లూ మింగుతుందట,
వాటితో పాటే ఎవరి దారం నుంచో తెగిన గుళ్లు.

పాలనూ నీళ్లనూ వేరు చేస్తుందని
మనం హంసకు ఎంత పేరు పెట్టాం!
రాయినీ సీసాన్నీ వేరు చేయలేకపోయింది పాపం.
మూడో రోజు పోయింది.

ఎవరి గుళ్లు అని ప్రోబర్ట్ అడగలేదు.
ఇంటికొచ్చి ఆమె హెవిన్ డబ్బా మూత తీసింది.
ఎన్ని ఉండాలో తెలిస్తే కదా
ఎన్ని తగ్గాయో తెలిసేది.

టంగ్‌స్టన్ పూసలు తెప్పించింది.
పాతిక పూసల ఖరీదుకు వారం రొట్టె వస్తుంది.
తగరం చవకే, కానీ బద్ధకంగా మునుగుతుంది.
దుకాణంలో ముసలి గెథిన్ పెదవి విరిచాడు:
"సీసం నిద్రలోకి జారినట్టు దిగుతుంది.
ఇదేమో అప్పులవాడిలా
ప్రతి రాయి తలుపూ తడుతుంది."
ఆమె కాదనలేదు. అది నిజమే.
ఈ కొత్త లోహం ఏ కొండ పొట్ట చీల్చుకొచ్చిందో,
అక్కడ ఎవరు దగ్గుతున్నారో
ప్యాకెట్ మీద రాసి లేదు.
అదీ ఆమెకు తెలుసు.

మా భాషలో సీసమంటే పద్యం కూడా అని
ఒకసారి ఆమెతో అన్నాను.
బరువైన పాదాలు నడిచి నడిచి
చివర ఒక తేటగీతికి దారిస్తాయని.
"తేట అంటే?"
కిటికీలోంచి వాగు చూపించాను.
వానకు ఎర్రగా, బురదగా ఉంది.
ఇద్దరం నవ్వుకున్నాం.

శనివారం పక్కింటి మాబ్లి వచ్చింది, పదకొండేళ్లది.
డబ్బా తీసి, పాత తీగ లాగి, ఏడు చుట్లు చుట్టి
తెంపడానికి నోటి దగ్గరికి తెచ్చుకుంది.
అచ్చం హెవిన్ లాగే తల పక్కకు వంచి.
వాడిని ఎప్పుడు చూసిందో, ఎలా పట్టేసిందో!
టెగ్వెన్ చెయ్యి ఫట్‌మని పడింది.
పిల్ల ఏడవలేదు, బిత్తరపోయింది.
కొట్టిన చెయ్యే వణికింది చాలాసేపు.

"కడుక్కో. సబ్బుతో. గోళ్ల కింద కూడా."

తీగను చెత్తలో వెయ్యలేం, మట్టిలో పూడ్చలేం.
కొండలోంచి తీసినదాన్ని
కొండ తిరిగి పుచ్చుకోదు.
డబ్బాకు టేపు చుట్టి
షెడ్డు తలుపుకు అడ్డం పెట్టింది.
గాలికి ఆ తలుపు కొట్టుకోవడం మానేసింది.

సాయంత్రం వాన తెరిపిచ్చింది.
మోకాలి లోతులో మాబ్లి, వెనకాల టెగ్వెన్.
దారం ఎగిరి, విప్పుకుని, వాలింది.
పూస మునిగింది.
"తగులుతోంది," అంది పిల్ల, "టక్ టక్ మని."
"చేపా?"
"కాదు. రాయి. మళ్లీ రాయి.
నాకు అడుగంతా వినిపిస్తోంది."